పంటి బిగువు

కొన్సెప్సియోన్ రేవులో మా ఇంటికి నెంబరు లేదు.
జనరల్ గారి నక్షత్రం ఉన్న ఇల్లంటే
సరుకు పడవల వాళ్ళు కూడా దారి చూపిస్తారు.

క్వినైన్ బిళ్ళల రేకు డబ్బా,
అందులో సాలెగూడు అల్లిక రుమాలు,
దాని మడతల్లో బొటనవేలి గోరంత ఇత్తడి చుక్క.
జనరల్ ఫుల్హెన్సియో తబోర్దా భుజకీర్తుల్లోంచి
రాలిందో, ఒలిచిందో, ఇచ్చిందో.

ఇచ్చిందనే వెన్సెస్లావో మామయ్య వాదన.
ఏటా మే నెలలో జెండా ఎగరేశాక
మొక్కజొన్న రొట్టె చల్లారిపోయేదాకా చెబుతాడు:
జ్వరం దిగిన జనరల్ తన చేత్తో తానే ఊడదీసి
"తల్లీ, నువ్వు పట్టిన నీళ్ళకి ఇదీ నా బాకీ" అన్నాడని.
మొదట్లో జ్వరం మూడు రోజులే ఉండేది.
తర్వాత తొమ్మిదయింది.
నా పన్నెండో ఏట ఒక తెల్లగుర్రం కూడా వచ్చి చేరింది.

పోయిన ఆగస్టులో, లపాచో చెట్లు ఆకుల్లేకుండా పూసినప్పుడు,
అసున్సియోన్ మ్యూజియం నించి ఒకాయన వచ్చాడు.
చేతులకి తెల్ల తొడుగులు, కంటికి భూతద్దం.
చాలాసేపు చూసి, మెల్లగా, మర్యాదగానే అన్నాడు:
"కోటు మా దగ్గరే ఉందండీ.
కుడి భుజాన రెండు, ఎడమ భుజాన రెండు, లెక్క సరిపోయింది.
మరి ఈ అయిదోది...
జనరల్ గారికి మూడో భుజం ఉండేదా?"

మామయ్య కుర్చీలోంచి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.
నిమియా అత్తకి మాతె పొలమారింది.

ఆయన పడవెక్కాక చెప్పింది అత్త,
బియ్యంలో రాళ్ళేరుతూ, ఎవరి మొహం చూడకుండా.

సైనికాసుపత్రి చాకిరేవులో
ముత్తవ్వ ఎవులాలియా పని బట్టలుతకడం.
కోటు నానబెట్టే ముందు చుక్కలు విప్పాలి, సబ్బు తగిలితే నల్లబడతాయని.
ఒక చేత కోటు, ఒక చేత సూది.
విప్పిన చుక్క పెట్టుకునే చోటు
దర్జీలందరికీ ఒకటే కదా, పెదాల మధ్య.
అప్పుడొచ్చాడు కాగితం పట్టుకుని గుమాస్తా.
ఏటి అవతల, చాకో ముళ్ళపొదల్లో,
క్రెసెన్సియో.
తూటా కాదు, దాహం.

ముత్తవ్వ ముందు తొట్టి ఉంది.
ఒక్క జనరల్ కోటు నానడానికి పోసినన్ని నీళ్ళు
అక్కడ ఒక దళానికి లేవు.

ఆమె అరవలేదు. నోట్లో చుక్క ఉంది.
గుమాస్తా వేలిముద్ర అడిగాడు, వేసింది.
సానుభూతి చెప్పాడు, తలూపింది.
తెల్లారి ఏడింటికల్లా బొగ్గుల పెట్టె కింద
కోటు మడత నలగకుండా సిద్ధం.
స్టోరులో అడిగి కొత్త చుక్క తెచ్చి కుట్టింది.
"మ్యూజియంలో ఉన్న నాలుగింట్లో
ఒకదాని దారం రంగు వేరుగా ఉంటుంది,
చూసుకోమను" అంది అత్త,
బియ్యం చేట ఒకసారి గట్టిగా ఎగరేసి.

పాతది ఎందుకు తిరిగివ్వలేదు?
అడిగాను.
"దవడ తెరుచుకునేసరికి
కోటు వెళ్ళిపోయిందే పిల్లా."

రాత్రి అందరూ పడుకున్నాక డబ్బా తీశాను.
దీపం కింద నాలుగు మొనలు ఇంకా సూదుల్లా ఉన్నాయి.
అయిదోది వంగింది.
దాని మీద రెండు నొక్కులు, పక్కపక్కనే.
భుజాన ఉన్నంతసేపు దాని పేరు కీర్తి.
అక్కణ్ణించి నాలుగు వేళ్ళు పైకొస్తే
ఏ పేరూ లేదు.

నా పళ్ళకి సరిపోతుందేమోనని
పెదవి దాకా తెచ్చాను.
సిగ్గేసింది, దించేశాను.

ఈ మే నెలలో కూడా మామయ్య కథ చెప్పాడు.
గుర్రం రాలేదు.
జ్వరం మళ్ళీ మూడు రోజులకి దిగింది.
"తల్లీ, నువ్వు పట్టిన నీళ్ళకి" దగ్గర ఆగి
గ్లాసు కోసం చెయ్యి చాపాడు.
అత్త అందించింది.
అడుగు దాకా తాగాడు,
మేమంతా ఆయన గొంతులో గుటక దిగడం చూస్తుండగా.